అడగడానికి నోరు రాని ప్రయాణాలు: కారు మానేసిన ఒక జంట కేస్ స్టడీ

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. వయసు మళ్లినవాళ్లు ఇంకా కారు నడపవచ్చా లేదా తేల్చడం, వద్దని తేలితే ఆ తర్వాతి రోజులను వాళ్లతో కలిసి కుదుర్చుకోవడం నా పని. మొదటిదానికి పరీక్షలున్నాయి, కొలతలున్నాయి, గీత ఎక్కడ గీయాలో చెప్పే మార్గదర్శకాలున్నాయి. రెండోదానికి అంత తీరైన దారి లేదు. అందుకే ఈ కేసులో రెండో భాగం గురించే ఎక్కువ రాస్తున్నాను. ఆ దంపతుల అనుమతి తీసుకున్నాను. వాళ్లను గుర్తుపట్టే వివరాలు మార్చాను.

ఎందుకు పంపారు

ఆయన వయసు 77. ల్యాండ్ సర్వేయర్‌గా చేసి రిటైరయ్యారు. ఆవిడకు 73. ఎప్పుడూ కారు నడపలేదు, రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. కూతురు వేరే ఊళ్లో ఉంటుంది. ఆయనకు రెండు కళ్లలోనూ గ్లాకోమా, మనవాళ్లు నీటికాసులు అనే జబ్బు. పక్కచూపు తగ్గుతోందని, డ్రైవింగ్ సంగతి తేల్చమని కంటి డాక్టరు నా దగ్గరికి పంపారు.

కారుకు ఎడమ పక్కన ఈమధ్య రెండు చోట్ల గీతలు పడ్డాయని కూతురు ఫోన్లో చెప్పింది. ఆయనను అడిగితే "పార్కింగ్ జాగా ఇరుకమ్మా, అందరికీ గీసుకుంటాయి" అన్నారు.

ఆయన ఏదీ దాచడం లేదు. గ్లాకోమాలో ముందు పక్కచూపు పోతుంది. ఎదురుగా ఉన్నది చూసే చూపు చాలాకాలం నిలబడే ఉంటుంది. చూపు పోయిన చోట నల్లటి మచ్చ ఏమీ కనిపించదు, మెదడు చుట్టూ ఉన్న దృశ్యంతో ఆ ఖాళీని పూడ్చేస్తుంది. అందుకే చార్టులో చిన్న అక్షరాల వరస కూడా తడుముకోకుండా చదివే మనిషి పక్కనుంచి వచ్చే సైకిల్‌ని చూడకపోవచ్చు, పైగా చూడలేదన్న సంగతి కూడా ఆయనకు తెలియదు. "నా కళ్లు బాగానే ఉన్నాయి" అనే మనిషితో వాదనకు దిగే ముందు కుటుంబాలు ఈ ఒక్క విషయం తెలుసుకుంటే ఎన్నో గొడవలు తప్పుతాయి.

పరీక్షల్లో తేలింది

రెండు కళ్లూ తెరిచి చూసినప్పుడు అడ్డంగా కనీసం 120 డిగ్రీల మేర కనబడాలని చాలా దేశాలు లైసెన్సుకు నియమం పెట్టుకున్నాయి. ఆయనకు ఎడమవైపు కోత పడి అంతకంటే తగ్గింది. ఆలోచనలో లోటేమీ లేదు. అంకెలను, అక్షరాలను ఒకదాని తర్వాత ఒకటి గీతతో కలిపే ట్రెయిల్ మేకింగ్ పరీక్ష రెండో భాగానికి 3 నిమిషాలు దాటితే డ్రైవింగ్ గురించి ఇంకా లోతుగా పరిశీలించాలంటారు. ఆయన అంతకు చాలా ముందే ముగించారు.

కాళ్ల సంగతి అంత బాగా లేదు. కుర్చీలోంచి లేచి 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి 13 సెకన్లు పట్టింది. 12 సెకన్లు, అంతకుమించి పడితే పడిపోయే ముప్పు ఉన్నట్టు లెక్క. మామూలు నడక సెకనుకు 0.85 మీటర్లు. పడుకున్నప్పుడు 138 ఉన్న పై రక్తపోటు, లేచి నిలబడ్డ మూడు నిమిషాల్లో 114కి దిగింది. 20 లేదా అంతకంటే ఎక్కువ దిగితే దాన్ని పట్టించుకోవాల్సిందే.

ఆ తర్వాత రోడ్డు పరీక్ష. పక్క సీట్లో ఉన్న ఇన్‌స్ట్రక్టర్ కాలి కింద కూడా బ్రేకు ఉండే కారు అది, నేను వెనక సీట్లో కూర్చుంటాను. స్టీరింగ్ మీద ఆయన చేయి ఎంత నిలకడగా ఉందో చూస్తే ముచ్చటేసింది. కానీ ఎడమవైపు నుంచి రోడ్డు మీదికి అడుగు పెట్టిన మనిషిని ఆయన చూడలేదు. బ్రేకు ఇన్‌స్ట్రక్టర్ వేశారు. కారు ఎందుకు ఆగిందో ఆయనకు అర్థం కాలేదు. ఆ మనిషి రోడ్డు దాటి అవతలి పక్కకు చేరాక, అప్పుడు కనబడ్డాడు.

కాలు పట్టు తప్పితే చేత్తో నడిపే కంట్రోల్స్ పెట్టుకోవచ్చు. మెడ తిరగకపోతే అద్దాలు పెంచుకోవచ్చు. ఇంత మేర పక్కచూపు పోయినప్పుడు అలాంటి ఏర్పాటేదీ లేదు. ఇక నడపవద్దని రాతపూర్వకంగా ఇచ్చాను, డాక్టరు సంతకం పెట్టారు. ఆ కాగితం డాక్టరు పేరుతో ఉండాలని నేను ఎప్పుడూ పట్టుబడతాను. అంతకుముందు ఓసారి కూతురు తాళాలు దాచిపెట్టిందట. చాలా రోజులు తండ్రి ఆమెతో సరిగా మాట్లాడలేదు. పిల్లలు పోలీసుల పని చేస్తే, ఆ తర్వాత సాయానికి వచ్చినప్పుడు కూడా పోలీసుల్లాగే కనిపిస్తారు.

కారు ఆయనది, పోయింది ఇద్దరికీ

"నేను నడపను కదా, నాకేం తేడా ఉంటుంది" అన్నారు ఆవిడ మొదటిరోజు. ఆవిడ పేరున ఫైలు లేదు, ఆవిడను ఎవరూ నా దగ్గరికి పంపలేదు. కానీ ఆవిడ గడప దాటే ప్రతి ప్రయాణం ఆ కారులోనే. డ్రైవర్ పేషెంటుగా వచ్చినప్పుడు పక్క సీట్లో కూర్చునే మనిషిని లెక్కలోకి తీసుకోకపోవడం మా వృత్తిలో మామూలైపోయింది. అమెరికాలో 70 దాటిన డ్రైవర్ల మీద 2002లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, నడపడం ఆగిపోయాక మగవాళ్లు సుమారు 6-7 ఏళ్లు, ఆడవాళ్లు సుమారు 10 ఏళ్లు వేరే ఏర్పాట్ల మీద ఆధారపడి బతుకుతారు. జీవితంలో అది చిన్న ముక్క కాదు. ఎప్పుడూ నడపనివాళ్లకు ఆ ఏళ్లు భర్త మానేసిన రోజునే మొదలవుతాయి.

ఇద్దరి చేతా కొన్నాళ్లు ఒక పుస్తకంలో రాయించాను: ఎక్కడికి వెళ్లారు, ఎందుకు, ఎంతసేపు. చివరన ఒక గడి అదనంగా గీశాను: కారు లేకపోతే దీనికోసం ఎవరినైనా అడుగుతారా?

ఆ చివరి గడే ఈ కేసంతటికీ కీలకమైంది. డాక్టరు దగ్గరికి, అడుగుతాం. బ్యాంకుకు, అడుగుతాం. పక్షవాతం వచ్చి మంచాన ఉన్న పాత సహోద్యోగిని చూడటానికి ఆయన వారం వారం వెళ్తారు. అక్కడ గడి ఖాళీ. లైబ్రరీ, ఖాళీ. ఆవిడ తన చెల్లెలింటికి వెళ్లి ఓ గంట కూర్చుని రావడం, ఖాళీ. సాయంత్రాలు ఊరికే అలా తిరిగి రావడానికి ఎదురుగా ఆయన "అడగం" అని రాసి కింద గీత గీశారు. ఎందుకని అడిగితే, "పని ఉంటే అడగొచ్చమ్మా. పని లేనిదానికి ఒకళ్లని ఇబ్బంది ఎలా పెడతాం?" అన్నారు.

2004లో అమెరికాలో వెలువడిన ఒక విశ్లేషణలో, 65 దాటి కారు నడపనివాళ్లను నడిపేవాళ్లతో పోల్చి చూశారు. డాక్టరు దగ్గరికి ప్రయాణాలు 15 శాతం తక్కువ. కొనుగోళ్లకు, హోటళ్లకు 59 శాతం తక్కువ. స్నేహితులు, బంధువులు, ప్రార్థన లాంటి వాటికి 65 శాతం తక్కువ. ఈ అంకెలను చాలామంది రవాణా సౌకర్యాల కొరతగా చదువుతారు. నాకు వాటిలో ఆయన ఖాళీ గళ్లే కనిపిస్తాయి. ఆసుపత్రికి తీసుకెళ్లడానికి ఎవరో ఒకరు దొరుకుతారు, అడగడానికీ మొహమాటం ఉండదు. మనిషిని మనిషిగా ఉంచే ప్రయాణాలకు "అవసరం" అన్న ముద్ర ఉండదు, అందుకే అవి ముందు రాలిపోతాయి.

కాబట్టి ప్రణాళికను తిరగేసి మొదలుపెట్టాం. డాక్టరు, మందులు, బ్యాంకు చివరికి వదిలేశాం. ముందు ఖాళీ గళ్లకు దారి వెతికాం.

ప్రయాణ ఖాతా

కారుకు పెట్టే ఖర్చు కంటికి కనబడదు. బీమా ఏడాదికోసారి, సర్వీసింగ్ అప్పుడప్పుడు, పెట్రోలు కొంచెం కొంచెంగా, కారు విలువ తరిగిపోవడం అసలు లెక్కలోకే రాదు. ట్యాక్సీ డబ్బు మాత్రం ప్రతిసారీ చేతిలోంచి పోతూ కనిపిస్తుంది. ఉన్నవాళ్లు కూడా "ఇంత దూరానికి ఇంతా?" అని ఆగిపోయేది అక్కడే. ఆయన లెక్కల మనిషి కాబట్టి కారు మీద నెలకు ఎంత అయ్యేదో ఆయన చేతే వేయించాను. వచ్చిన మొత్తం చూసి మళ్లీ మొదటినుంచి కూడారు. అదే తేలింది.

ఆ సొమ్ము నెలనెలా వేరే ఖాతాలో పడేలా ఏర్పాటు చేసుకున్నారు. తర్వాత కారు అమ్మిన డబ్బు కూడా అందులోకే వెళ్లింది. నేను ఒక్క షరతు పెట్టాను: సగం ఆవిడది, ఎక్కడికి వెళ్లారో దానికి లెక్క చెప్పనక్కర్లేదు. ఈ ఆలోచనకు పేరున్న పాత ఉదాహరణ ఒకటుంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌లో కేథరిన్ ఫ్రాయిండ్ మొదలుపెట్టిన, పెద్దవాళ్లను కార్లలో తీసుకెళ్లే ఐటీఎన్ అనే సంస్థలో వాళ్లు తమ కారును ఇచ్చేసి దాని విలువను ప్రయాణాల ఖాతాగా మార్చుకోవచ్చు. 1988లో ఆమె చిన్న కొడుకును 84 ఏళ్ల డ్రైవరు నడిపిన కారు గుద్దింది, బిడ్డ బతికాడు. ఆ తల్లి ముసలివాళ్ల లైసెన్సులు లాగేసుకోమని ఉద్యమం చేయలేదు, వాళ్లకు ఇంకో దారి కట్టింది. ఈ పనిలో నాకు ఆమె అంటే ఉన్నంత గౌరవం ఎవరిమీదా లేదు.

అలాంటి సంస్థ అందుబాటులో లేకపోయినా ఖాతా పనిచేస్తుంది. ముందే పక్కన పెట్టిన డబ్బుతో చేసే ప్రయాణం ఎవరి దయా కాదు.

నడక, రోడ్డు, బస్సు

పక్కచూపు లేని మనిషి కారు దిగాడంటే పాదచారి అయ్యాడని అర్థం. రోడ్డు మీద ఆయనకు ముప్పు ఇప్పుడు ఇంకో రూపంలో ఉంది. దీన్ని గురించి ఎవరూ మాట్లాడరు.

వాళ్ల ఇంటికి దగ్గరి పెద్దరోడ్డు దాదాపు 12 మీటర్ల వెడల్పు. పాదచారుల సిగ్నళ్లను చాలాచోట్ల మనిషి సెకనుకు 1.2 మీటర్లు నడుస్తాడన్న లెక్కతో పెట్టారు. ఆ లెక్కన 10 సెకన్లు చాలు. ఆయన నడకకు 14 సెకన్లు కావాలి. ఇందులో ఆయన లోపమేమీ లేదు. 2012లో ఇంగ్లండ్ పెద్దల మీద వచ్చిన అధ్యయనంలో 65 దాటిన మగవాళ్లలో 84 శాతం, ఆడవాళ్లలో 94 శాతం ఆ వేగాన్ని అందుకోలేకపోయారు. లోపం సిగ్నల్‌ది. దాన్ని మార్చడం నా చేతిలో లేదు కాబట్టి నడి మధ్యలో ఆగడానికి డివైడర్ ఉన్న క్రాసింగ్ వెతుక్కున్నాం. కాస్త చుట్టుదారే, అయినా అదే మేలు. పచ్చలైటు అప్పటికే వెలిగి ఉంటే దిగవద్దు, మళ్లీ కొత్తగా వెలిగినప్పుడే అడుగు వేయాలి. దిగే ముందు తల పూర్తిగా ఎడమకు తిప్పి, భుజం దాటి చూసి, తర్వాత కుడికి చూడాలి. ఇది కంటితో అయ్యే పని కాదు, మెడతో అలవాటు కావాలి.

బలానికి ఓటాగో వ్యాయామాలు మొదలుపెట్టించాను. న్యూజిలాండ్‌లో రూపొందిన ఈ పద్ధతిలో కాళ్లకు బరువులు కట్టుకుని చేసేవి, తూకం నిలుపుకునేవి, నడక కలిసి ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్లు పడిపోవడం దీనివల్ల మూడో వంతు దాకా తగ్గినట్టు పరీక్షల్లో తేలింది.

లేవగానే రక్తపోటు దిగడానికి వెతికితే ఒక కారణం కంటి చుక్కల్లో దొరికింది. ఆయన వాడుతున్నది టిమొలాల్. అది బీటా బ్లాకర్ మందు. కంట్లో వేసిన చుక్క ముక్కులోకి దిగే సన్నని కాలువ గుండా రక్తంలోకి చేరి గుండె వేగాన్ని, రక్తపోటును తగ్గించగలదు. చుక్క వేశాక కంటి లోపలి మూలను కాసేపు వేలితో నొక్కి పడితే అలా చేరేది తగ్గుతుంది. ఇది ఆయనకు అంతవరకు ఎవరూ చూపించలేదు. కంటి డాక్టరుకు రాశాను, ఆయన వేరే రకం చుక్కలకు మార్చారు. తర్వాత తల తిరగడం తగ్గింది. కళ్ల మందుకూ నడకకూ సంబంధం ఉంటుందని ఏ కుటుంబమూ ఊహించదు. పెద్దవాళ్ల మందుల జాబితాలో చుక్కల సీసాను కూడా చేర్చండి.

బస్సు నేర్పింది ఆవిడకు. రద్దీ లేని వేళ చూసుకుని మొదట నేను వెంట వెళ్లాను. పెద్దవాళ్లకు బస్సులో దెబ్బలు తగిలేది చాలాసార్లు ప్రమాదం జరిగి కాదు, కూర్చోకముందే బస్సు కదిలినప్పుడు, గబుక్కున బ్రేకు పడినప్పుడు. అందుకని ఎక్కగానే డ్రైవరుతో "కూర్చునేదాకా ఆగండి" అనాలి. మొదటిసారి ఆవిడకు గొంతు పెగల్లేదు. ఇంకోసారి అన్నారు, బస్సు ఆగింది. దిగేటప్పుడు ఎక్కువ నొప్పి ఉన్న మోకాలు ముందు, ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు.

అయినా ఆవిడ బస్సుకు వెనకాడుతూనే ఉన్నారు. మోకాళ్లే కారణమనుకోవడం తేలిక. మెల్లగా అడిగితే బయటపడిన సంగతి వేరు: పొద్దున వేసుకునే బీపీ మాత్రల్లో మూత్రం ఎక్కువ చేసే మాత్ర ఒకటి ఉంది. కారులో అయితే ఎక్కడ కావాలంటే అక్కడ ఆపించుకునేవారు. బయటికి వెళ్లే రోజుల్లో ఆ మాత్ర తిరిగొచ్చాక వేసుకోవచ్చని డాక్టరు చెప్పారు. దారిలో శుభ్రమైన టాయిలెట్లు ఎక్కడున్నాయో సర్వేయర్ గారు పటం గీసి ఇచ్చారు. ఆ పటం చాలా బాగుంది. ఆయన అనుమతితో నకలు తీసుకుని ఇప్పుడు నా దగ్గరికి వచ్చే మిగతావాళ్లకూ ఇస్తున్నాను.

సరుకులన్నీ ఇంటికే తెప్పించేద్దామని కూతురు అంది. బరువైనవి మాత్రమే అలా తెప్పించుకోండన్నాను. దుకాణానికి వెళ్లి రావడంలో నడక ఉంది, నలుగురితో మాట ఉంది. అవి ఇంటికి డెలివరీ కావు.

మధ్యలో చిక్కు

రెండో నెల దాటాక ఆయన స్నేహితుడి దగ్గరికి వెళ్లడం మానేశారు. ఖాతాలో డబ్బుంది, ఒంట్లో బాగానే ఉంది. వృద్ధుల డిప్రెషన్‌ను అంచనా వేసే 15 ప్రశ్నల పట్టికలో 7 వచ్చింది. 5 దాటితే జాగ్రత్తపడాలి. డ్రైవింగ్ మానేసినవాళ్లలో డిప్రెషన్ లక్షణాలు దాదాపు రెండింతలు కనిపిస్తాయని 2016లో అనేక అధ్యయనాలను కలిపి చూసిన సమీక్ష చెప్పింది. ఎదురుచూసినదే అని సరిపెట్టుకుని మందు దగ్గరికి వెళ్లిపోవచ్చు. నేను ముందు ప్రయాణం సంగతే అడిగాను.

చాలాసేపటికి చెప్పారు. క్యాబ్ బుక్ చేసేది కూతురు, తన ఫోన్లోంచి, వేరే ఊరి నుంచి. తండ్రికి శ్రమ తప్పించాలన్న ప్రేమతోనే చేస్తోంది. కారు ఎప్పుడు ఎక్కారో, ఎక్కడ దిగారో, ఎంతసేపు ఉన్నారో అన్నీ ఆమెకు తెలుస్తాయి. వారంలో రెండుసార్లు వెళ్తే "నాన్నా, మళ్లీ వెళ్లారా, ఆయనకెలా ఉంది?" అని అడుగుతుంది. అందులో తప్పు పట్టాల్సిందేమీ లేదు. "కానీ యాభై ఏళ్లుగా నేనెక్కడికి వెళ్లానో ఎవరికీ చెప్పలేదమ్మా" అన్నారు ఆయన.

కారు మనిషిని మోసుకెళ్లడంతో పాటు అతని ఏకాంతాన్ని కూడా కాపాడుతుంది. ప్రణాళికల్లో దూరం, ధర, మెట్టు ఎత్తు అన్నీ రాసుకుంటాం. ఈ వరస నేను ఏ ఫారంలోనూ చూడలేదు. ఇప్పుడు నా ఫారంలో చేర్చాను.

కూతురితో మాట్లాడాను. ఆమె కాసేపు ఏడ్చింది, తర్వాత వెంటనే ఒప్పుకుంది. దగ్గర్లో నమ్మకమైన ట్యాక్సీ డ్రైవరు నంబరు పెద్ద అంకెలతో రాసి ఆయన ఫోన్లో మొదటి బటన్‌కు పెట్టాం. ఆయనే పిలుస్తారు, ఆయనే డబ్బిస్తారు. స్నేహితుడి ఇంటికి మాత్రం వారంలో ఒక రోజు, ఒక వేళ ఖాయం చేసుకున్నారు. చెప్పి ఉంచిన ఏర్పాటుకు ప్రతిసారీ అడగక్కర్లేదు. ఇంకో రోజు పక్కింటాయన తన దారిలో దింపుతారు, వాళ్లమ్మాయికి ఈయన త్రికోణమితి చెప్తారు. ఇచ్చిపుచ్చుకోవడం కుదిరాక మొహమాటం పోయింది.

కారు అమ్మకం గురించి నేను తొందరపెట్టలేదు. తాళాలు ఇచ్చిన రోజే కారునూ పంపేయాలంటే గుండె తట్టుకోదు. నెలలు గడిచినా గుమ్మం ముందే ఉంటే, ఓ వానరోజు "ఇక్కడిదాకే కదా" అనిపిస్తుంది. నెల తర్వాత ఆయనే కొనేవాళ్లను చూసుకున్నారు. లైసెన్సు గురించి మాట్లాడుతూ జపాన్ సంగతి చెప్పాను. అక్కడ 1998 నుంచి స్వచ్ఛందంగా లైసెన్సు తిరిగి ఇచ్చేసే పద్ధతి ఉంది, ఇచ్చినవాళ్లు అడిగితే వాళ్ల డ్రైవింగ్ చరిత్రను తెలిపే పత్రం ఇస్తారు. ఆయన శ్రద్ధగా విన్నారు. "అది మర్యాద" అన్నారు.

ఆరో నెల సమీక్ష

నడక వేగం సెకనుకు 0.97 మీటర్లకు పెరిగింది. డిప్రెషన్ పట్టికలో 3. మొత్తం ప్రయాణాలు కారున్నప్పటి కంటే తక్కువే, కానీ తగ్గినవి ఎక్కువగా చిన్నచిన్న కొనుగోళ్లు, వాటిని కలిపి ఒకేసారి చేసుకుంటున్నారు. ఖాళీ గళ్లలో చాలావరకు నిండాయి. ఆవిడ చెల్లెలింటికి ఒక్కరే బస్సులో వెళ్లి వస్తున్నారు, పెళ్లయ్యాక తోడు లేకుండా అంత దూరం వెళ్లడం ఇదే మొదలట. ఈ కేసులో నాకు అన్నిటికంటే సంతోషం ఇచ్చింది అది.

రాత్రి ప్రయాణాలు కుదరలేదు. 60 ఏళ్ల కంట్లో రెటీనాకు, అంటే కంటి వెనకనున్న పొరకు, చేరే వెలుతురు 20 ఏళ్ల కంటితో పోలిస్తే మూడో వంతు ఉంటుంది. గ్లాకోమా దానికి తోడైతే మసక వెలుతురులో మెట్టు అంచు కూడా తెలియదు. ట్యాక్సీ గుమ్మం దాకా వచ్చినా అవతలి ఇంటి గుమ్మం చీకటిగానే ఉంటుంది. చీకటి పడ్డాక జరిగే వేడుకలకు వెళ్లడం ఇద్దరూ దాదాపు మానేశారు. పగటిపూట పెట్టమని బంధువులను అడగమన్నాను, ఒకరిద్దరు ఒప్పుకున్నారు.

సాయంత్రం ఊరికే తిరిగి రావడం అన్న గడి ఖాళీగానే ఉంది. ట్యాక్సీలో అలా తిరిగి చూశారట ఓసారి, నచ్చలేదు. ఆయనకు వెళ్లడం కాదు, నడపడమే ఇష్టం. దానికి బదులు నా దగ్గర ఏమీ లేదు, ఉన్నట్టు నటించనూ లేదు. ఆ దిగులు గురించి చెప్పుకోవడానికి సమీక్షలో ఆయనకు సమయం ఉంచుతాను.

ఆవిడ మోకాలి ఆపరేషన్ తేదీ ఖాయమైంది. కోలుకునే కొన్ని వారాలు బస్సు ఉండదు. చెల్లెలే ఇటు వచ్చేలా, వచ్చిపోయే ట్యాక్సీ డబ్బు ఆవిడ సగం ఖాతాలోంచి పోయేలా ఇప్పటినుంచే మాట్లాడుకుంటున్నారు. ఆయన చూపు పరిధి పరీక్ష కూడా ఆ లోపే మళ్లీ ఉంది. ఎడమవైపు ఇంకా తగ్గి ఉంటే రోడ్డు దాటే పాఠం తెల్లకర్రతో మళ్లీ మొదలుపెట్టాలి. ఆ సంగతి ఆయనకు ముందే చెప్పాను.